పిల్లల చేతికి కరెంటు రైలు: బండి చెడకుండా, పిల్లలకు ప్రమాదం రాకుండా

చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో కరెంటుతో నడిచే బొమ్మ రైలును ఏళ్ల తరబడి నడిపించుకోవడం సాధ్యమే. పిల్లలకు ప్రమాదం తెచ్చే పనులూ బండిని పాడుచేసే పనులూ చాలావరకు ఒక్కటే కాబట్టి, ఒకదానికి తీసుకున్న జాగ్రత్త రెండోదానికీ పనికొస్తుంది. ఇక్కడ చెప్పేవి ముఖ్యంగా హెచ్‌ఓ సెట్లకు సంబంధించినవి. అసలు రైలులో 87వ వంతు పరిమాణంలో ఉండి, 16.5 మిల్లీమీటర్ల ఎడంతో ఉన్న రెండు పట్టాల మీద, సుమారు 12 వోల్టుల డీసీ కరెంటుతో నడిచే బండ్లివి. అమెరికాలో ఉండే బంధువులు సెలవులకు వస్తూ తెచ్చే పెట్టెల్లో ఎక్కువగా ఉండేవి ఇవే. మా ఇంట్లో ఉన్నదీ అలా వచ్చినదే.

మొదట చూడవలసింది పట్టాలను కాదు, గోడకున్న ప్లగ్గును. పట్టాల మీది 12 వోల్టులు చేతికి షాక్ కొట్టవు. ప్రమాదమంతా అడాప్టరుకు అవతల, 230 వోల్టుల వైపు ఉంటుంది. అడాప్టరు వెనుక ఇన్‌పుట్ అన్నచోట 100–240 వోల్టులు అని రాసి ఉంటే మన ఇళ్లలో వాడుకోవచ్చు. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే మన ప్లగ్గులో పెట్టకూడదు. దుకాణాల్లో దొరికే కన్వర్షన్ ప్లగ్గు పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది కానీ వోల్టేజీని మార్చదని మా ఇంట్లో మొదటి రోజే అనుభవపూర్వకంగా తెలిసింది: పది నిమిషాలు గడవకముందే అడాప్టరు నుంచి మాడిన వాసన వచ్చింది. అంతే వోల్టులు, అంతే ఆంపియర్లు ఇచ్చే 230 వోల్టుల అడాప్టరును, కొసన ఉండే పిన్ను కొలతా ప్లస్సు మైనస్సుల వరుసా సరిచూసుకుని, ఇక్కడే కొనుక్కోవడం మేలు. మన దేశంలో కరెంటు బొమ్మలకు ఐఎస్ 15644 అనే ప్రమాణం ఉంది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి అయింది కనుక, ఇక్కడ సెట్టు కొనేవారు పెట్టె మీద ఆ గుర్తు ఉందో లేదో చూసుకోవాలి.

ప్లగ్గు విషయంలో పెద్దలకు తట్టని ప్రమాదం మరొకటి ఉంది. బండి వేగాన్ని నాబ్‌తో మార్చే కంట్రోలరు నుంచి పట్టాలకు వెళ్లే రెండు తీగలను గోడకున్న ప్లగ్గు రంధ్రాల్లోనూ పెట్టవచ్చని పిల్లవాడికి అనిపించవచ్చు. విడిగా పడి ఉన్న పట్టా ముక్క కొసను అక్కడ దూర్చాలన్న సరదా కూడా పుట్టవచ్చు. అందుచేత ప్లగ్గులో అడాప్టరును పెట్టడం, తీయడం పెద్దల పనిగానే ఉండాలి. పట్టాలను బిగించడం, విప్పడం అడాప్టరును గోడ నుంచి తీసేశాకే జరగాలి. వాడని ప్లగ్గులకు మూతలు పెట్టాలి. ఇంటి బోర్డులో కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే, రైలు ఉన్నా లేకపోయినా, అది పెట్టించుకోవాలి.

ఇక పట్టాలను ఎక్కడ పరచాలన్న ప్రశ్న. తివాచీ మీద పరచరాదు. దాని నూలుపోగులు, ఇంట్లో రాలిన వెంట్రుకలు ఇంజన్ ఇరుసులకు చుట్టుకుని పళ్లచక్రాల్లోకి చేరుతాయి. వట్టి నేల మీద పరిస్తే ఎవరో ఒకరు తొక్కుతారు. పిల్లవాడి నడుము ఎత్తుకు వచ్చే బల్ల మీద ఒక ప్లైవుడ్ పలక వేసి, దాని అంచుల చుట్టూ అంగుళమున్నర ఎత్తున పట్టీ కొట్టిస్తే, పట్టాలు తప్పిన ఇంజన్ కింద పడదు, పిల్లలు బల్ల మీదికి పాకవలసిన అవసరమూ ఉండదు. అడుగు నుంచి తీగలను క్లిప్పులతో పలకకు బిగించాలి.

షార్ట్ సర్క్యూట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఒకనాడు మా మనవరాలు బల్ల మీదికి ఎక్కి కూర్చుంది. చూస్తుండగానే బండి ఆగిపోయి, కంట్రోలరు మీది ఎర్రదీపం ఆరిపోయింది. "తాతయ్యా, రైలు నిద్రపోయింది," అంది. తీగలు కదిలించి, జాయింట్లు నొక్కి, ఇంజన్ తిరగేసి చూశాక గానీ అసలు కారణం కంటపడలేదు: పిల్ల కాలి వెండిపట్టీ రెండు పట్టాలనూ కలుపుతూ అడ్డంగా పడి ఉంది. మా సెట్టు ఆంపియరు మాత్రమే ఇచ్చేది, తనంతట తానే ఆగిపోయేది కనుక పట్టీ కూడా వేడెక్కలేదు. పాతకాలపు మూడు పట్టాల ఓ గేజ్ (హెచ్‌ఓ కంటే పెద్ద పరిమాణం) సెట్లతో వచ్చే భారీ ట్రాన్స్‌ఫార్మర్లు అనేక ఆంపియర్లు ఇవ్వగలవు. అటువంటిచోట సన్నని గొలుసు క్షణాల్లో కాలి చర్మాన్ని కాల్చగలదు. తక్కువ వోల్టేజీ షాక్ నుంచి కాపాడుతుంది తప్ప వేడి నుంచి కాపాడదు. అందువల్ల ఆటకు ముందు పట్టీలు, గాజులు, బయటికి వేలాడే వెండి మొలతాడు తీసి పక్కన పెట్టాలి, జుట్టు వెనక్కి ముడివేయాలి. నాణేలు, పిన్నీసులు, చాక్లెట్ల వెండికాగితాలు బల్ల మీదికి రాకూడదు. కంట్రోలరు మాటిమాటికీ ఆగిపోతుంటే దాన్ని తిరిగి వేస్తూ పోకుండా, కారణాన్ని వెతకాలి.

పిల్లల చేతిలో ఇంజన్ పాడయ్యే తీరు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకటే. మోటారుకు, చక్రాలకు మధ్య మరచుట్టు ఆకారంలో వార్మ్ గేర్ అనే భాగం ఉంటుంది. మోటారు తిరిగితే చక్రాలు తిరుగుతాయి కానీ, చక్రాలను తిప్పి మోటారును తిప్పడం కుదరదు. పిల్లవాడు మామూలు బొమ్మకారును తోసినట్టు ఇంజన్‌ను తోశాడంటే, ప్లాస్టిక్ పళ్లు అరిగిపోతాయి లేదా విరుగుతాయి. ఆ తరువాత మోటారు గుయ్యిమంటూ తిరుగుతుంది, బండి మాత్రం కదలదు. "ఇంజన్‌ను తోయకూడదు, పెట్టెలను తోసుకోవచ్చు" అన్న ఒక్క నియమాన్ని నాలుగేళ్ల పిల్లలు కూడా పాటించగలరు. తోసే సరదా మరీ ఎక్కువైతే, మోటారు కాలిపోయిన పాత ఇంజన్‌లోంచి పళ్లచక్రాలు తీసేసి ఇచ్చేయవచ్చు. నడుస్తున్న ఇంజన్‌ను చేత్తో పట్టుకుని ఆపడమూ అంతే చేటు: చక్రాల రబ్బరు పట్టీలు ఊడివస్తాయి, తిరగలేని మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. పట్టాలు తప్పినప్పుడు ముందు నాబ్‌ను సున్నాకు తిప్పి, ఆ తరువాతే బండిని ముట్టుకోవాలి. పట్టాలెక్కించే చిన్న వాలుముక్క సెట్టుతో వస్తే, దాన్ని ఎప్పుడూ పట్టాలకే తగిలించి ఉంచండి.

వేగం విషయంలో పిల్లలకు ఉపదేశం పనిచేయదు. వంపులో బండి పడిపోని వేగం ఎక్కడిదాకానో మీరే నడిపి చూసి, నాబ్ పక్కన అక్కడ ఎర్ర నెయిల్‌పాలిష్‌తో గీత పెట్టండి. పట్టాల ద్వారా డిజిటల్ ఆదేశాలు అందుకునే డీసీసీ పద్ధతిలో నడిచే ఇంజన్ అయితే, దానిలోని సెట్టింగుల్లో ఐదో నంబరు సీవీలో గరిష్ఠ వేగాన్ని తగ్గించి ఉంచవచ్చు. పూర్తి వేగంలో ఉండగా దిక్కు మార్చే మీటను తిప్పడం పళ్లచక్రాలకు చేటు. బండి ఆగాకే మార్చాలి. ఇద్దరు పిల్లలుంటే కంట్రోలరు కోసం కొట్లాట తప్పదు కాబట్టి, ఒకరు డ్రైవరు, మరొకరు గార్డు అని ఏర్పాటు చేసి, గార్డు పచ్చజెండా చూపితే తప్ప నాబ్ కదలకూడదని నిర్ణయించండి. మా ఇంట్లో జెండా పట్టుకునే ఉద్యోగానికే గిరాకీ ఎక్కువ. కరెంటుతో మారే పాయింట్లు (బండిని ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే పట్టాలు) ఉన్నవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: వాటిలోని కాయిల్‌కు క్షణకాలం కరెంటు చాలు, బటన్‌ను నొక్కి పట్టుకుంటే కాయిల్ కాలిపోతుంది. పిల్లలు బటన్‌ను నొక్కి పట్టుకోకుండా ఉండరు కనుక, వారికి చేతితో మార్చే పాయింట్లే సరైనవి.

బండి కుదుపులతో నడుస్తుంటే, దీపం మినుకుమంటుంటే, సాధారణంగా తప్పు పట్టాల మురికిది. జంతికలు తిన్న చేతులతో పట్టాలను పట్టుకుంటే నూనె పొర ఏర్పడి, దాని మీద దుమ్ము అంటుకుంటుంది. అడాప్టరు తీసేసి, నూలుపోగులు రాలని పాత మెత్తని పంచె ముక్కను 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కాస్త తడిపి తుడవాలి. అది సులభంగా అంటుకునే ద్రవం. చక్రాల దగ్గర నిప్పురవ్వలు పుడతాయి కాబట్టి, పూర్తిగా ఆరేదాకా కరెంటు ఇవ్వకూడదు, సీసాను పిల్లలకు అందనివ్వకూడదు. చేతులకు రాసుకునే శానిటైజర్ జిగురు మిగులుస్తుంది. గిన్నెలు తోమే స్టీలు పీచును అసలు వాడకూడదు, దాని పోగులను మోటారులోని అయస్కాంతం లాక్కుంటుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉక్కు పట్టాలు త్వరగా తుప్పు పడతాయి. అయస్కాంతం అంటుకుంటే అవి ఉక్కువి, అంటుకోకపోతే నికెల్ సిల్వర్‌వో ఇత్తడివో అయివుంటాయి.

నూనె విషయంలో పొదుపు చూపాలి. ప్లాస్టిక్‌కు హాని చేయని సన్నని నూనెను సూది మొనతో ఇరుసుల చివర ఒక్కో చుక్క వేస్తే చాలు. కొబ్బరినూనె వాడకండి, సుమారు 24 డిగ్రీలకే గడ్డకట్టే ఆ నూనె డిసెంబరు ఉదయాల్లో ఇంజన్‌ను కదలనివ్వదు.

మూడేళ్లలోపు పిల్లలకు ఈ సెట్టు చూడటానికే తప్ప చేతికి ఇవ్వడానికి కాదు. విడివడే కప్లింగులు (పెట్టెలను ఒకదానికొకటి కలిపే భాగాలు), స్ప్రింగులు, చక్రాలు గొంతుకు అడ్డం పడగలవు. రిమోట్లలో ఉండే బటన్ సెల్ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను తీవ్రంగా కాల్చగలదు కాబట్టి, మింగారన్న అనుమానం కలిగినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కప్లింగులకు అయస్కాంతాలు ఉన్న చెక్కరైళ్లలో ఒక్క అయస్కాంతం వదులైనా ఆ పెట్టెను పక్కన పెట్టేయండి. ఒకటికి మించి మింగితే అవి పేగుల గోడలను మధ్యలో ఇరికించుకుని అతుక్కుపోతాయి. పొగ వచ్చే ఇంజన్ ఉంటే పొగమీటను ఆపే ఉంచి, ఆ ద్రవపు సీసాను మందుల అలమారలో, తాళం వేసి పెట్టాలి.

ఆట ముగిశాక ముందు నాబ్ సున్నాకు, తరువాత అడాప్టరు గోడ నుంచి బయటికి. ఇంజన్‌ను తువ్వాలు మీద తిరగేసి, ఇరుసులకు చుట్టుకున్న వెంట్రుకలను పట్టకారుతో తీసేయండి. పెట్టెలు, చక్రాలు, కప్లింగులు ఎన్నున్నాయో అట్ట మూత లోపల రాసి ఉంచితే, సర్దేటప్పుడు పిల్లలే గట్టిగా లెక్కపెడతారు. ఒక్కటి తగ్గినా, అది దొరికేదాకా పాకే వయసు పిల్లలను ఆ గదిలోకి రానివ్వకండి.