కాకర పందిరిలో పండు ఈగ: ఎర మార్చాకే పని జరిగింది

పోయిన వేసవిలో మా అర ఎకరం కాకర పందిరిలో పిందెలు వంకర తిరిగి, పసుపెక్కి రాలిపోయేవి. చీల్చి చూస్తే లోపలంతా తెల్లటి పురుగులు. రెండుసార్లు మందు కొట్టినా తగ్గలేదు. ఆడ ఈగ లేత పిందెకు గాటు పెట్టి లోపల గుడ్లు పెడుతుంది. లోపలున్న పురుగుకి మందు ఎలా తగులుతుంది?

మామిడి తోట ఉన్న మా బావ దగ్గర, ఈగల్ని వాసనతో లాగి పట్టే ఎర బుట్టలు తెచ్చి కట్టాను. వారమైనా కాకర ఈగ ఒక్కటీ పడలేదు. చాలా టెన్షన్ పడ్డాను. తర్వాత తెలిసింది, వాటిలో ఉన్నది మిథైల్ యూజినాల్ అనే వాసన ఎర. అది మామిడి, జామ ఈగలకు. కాకర, బీర, సొరను పాడుచేసే ఈగ వేరు: ఎర్రటి గోధుమ రంగు ఒళ్లు, వీపు మీద పసుపు చారలు, రెక్క అంచున నల్లటి పట్టీ. దానికి క్యూ ల్యూర్ అనే వేరే ఎర కావాలి. ఎర మార్చిన మర్నాడే బుట్టల్లో ఈగలు కనిపించాయి.

అయితే పడేవి మగ ఈగలే, అందుకే బుట్టలతో ఆగకండి. రాలిన కాయలోంచి పురుగు మట్టిలోకి దూరి, అక్కడే ఈగగా మారి పైకొస్తుంది. రోజూ పొద్దున్నే రాలిన కాయలన్నీ ఏరి రెండడుగుల గోతిలో పూడ్చాను. పాదుల చుట్టూ మట్టి తిరగేశాను. నన్నడిగితే, అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఈ ఏరడమే. మూడో వారం నుంచి కోతలో మంచి కాయలే ఎక్కువ వచ్చాయి.