ఇంగ్లీషు మాటలో ఊనిక, లయ, కాకువు: చెవితో మార్కులు వేసేదెట్లా

స్పోకెన్ ఇంగ్లీషు పరీక్షలో చాలామంది "ఉచ్చారణకు 10" అని ఒకే గడి పెడతారు. అందులో గ్రామరు, ధైర్యం, కాన్వెంటు చదువు అన్నీ కలిసిపోతాయి. స్ట్రెస్ అనే ఊనిక, రిథమ్ అనే లయ, ఇంటొనేషన్ అనే కాకువు (గొంతు ఎత్తుదిగుళ్ళు), ఈ మూడింటికీ మూడు గడులు ఉండాలి. రికార్డింగు కూడా మూడుసార్లు వినాలి, ఒక్కోసారి ఒక్కదాని కోసమే.

ముందు మన చెవి సంగతి చూసుకోవాలి. తిక్కన ఊరు నెల్లూరులో చెవికి గురువూ లఘువూ బాగా తెలుసు. పడు, పాడు అంటే వేరువేరు మాటలు కదా! అందుకే ఇంగ్లీషులోనూ దీర్ఘం ఉన్నచోటే బరువు ఉందనుకుంటాం. 'హోటల్'లో మనం 'హో' మీద వాలతాం, నిఘంటువు ఊనిక రెండో సిలబుల్ (మాటలో ఒక్క అచ్చుతో పలికే ముక్క) మీద చూపిస్తుంది. ఊనిక పడ్డ సిలబుల్ కాస్త సాగుతుంది, గొంతు స్థాయి మారుతుంది, అచ్చు విచ్చుకుంటుంది. పడనిచోట అచ్చు నలిగిపోతుంది. మనవాళ్ళకు కష్టమయ్యేది ఆ నలగడమే.

రికార్డింగుకు ఫోను చాలు. నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా పెట్టండి. ఫ్యాను ఆపండి. కుదిరితే వేవ్ ఫైలుగా దాచండి.

మాటల పరీక్షకు పది మాటలు తీసుకోండి. డెవలప్, కమిటీ, సర్టిఫికెట్ మాటల్లో ఊనిక రెండో సిలబుల్ మీద, ఇంజనీర్‌లో మూడోదాని మీద. ఫొటోగ్రాఫ్, ఫొటోగ్రఫీ, ఫొటోగ్రాఫిక్ వరస తప్పక ఉండాలి, ఊనిక ఒకటి, రెండు, మూడు అంటూ జరుగుతుంది గనక. మాటల్ని జాబితాగా చదివించొద్దు, జాబితా రాగం వచ్చేస్తుంది. "ఐ సెడ్ ... టుడే" మధ్యలో ఇరికించి చదివించండి. మాటకు ఒక మార్కు.

లయకు రెండు వాక్యాలు: "ఫార్మర్స్ సెల్ శ్రింప్", "ద ఫార్మర్స్ విల్ బి సెల్లింగ్ ద శ్రింప్". రెండింటిలోనూ బరువులు మూడే. ద, విల్, బి చిన్నబోవాలి. మన పిల్లలు ప్రతి సిలబుల్‌కూ సమానంగా వడ్డిస్తారు. అయితే స్టాప్‌వాచ్ పట్టుకోవద్దు. ఇంగ్లీషుకు 'స్ట్రెస్ టైమ్డ్' (బరువులు సమాన ఎడంతో పడే భాష) అని భాషావేత్త కెనెత్ పైక్ 1945లో పేరు పెట్టినా, కొలిచి చూస్తే బరువుల మధ్య ఎడం ఖచ్చితంగా సమానంగా రాలేదు. వినాల్సింది చిన్న మాటల్లో అచ్చు నలిగిందా లేదా అని. 0 నుంచి 3 దాకా వేయండి. వేగంగా మాట్లాడితే లయ ఉందనుకునే పొరపాటు ఎక్కువ. బట్టీ పట్టినవాళ్ళ వేగంలో అన్ని సిలబుల్సూ సమానంగానే పరుగెత్తుతాయి.

అసలు తేడా వాక్యంలో ప్రధాన ఊనిక దగ్గర బయటపడుతుంది. తెలుగులో "రవే పోయినాడు", "నిన్ననే పోయినాడు" అని ఒక 'ఏ' తగిలిస్తే పని అయిపోతుంది. ఇంగ్లీషులో ఆ పని గొంతు చేయాలి. అది చేయలేక "రవి ఓన్లీ వెంట్" అంటారు. అందుకే ఒకే జవాబును రెండు ప్రశ్నలకు చెప్పించండి. ఒంగోలుకు ఎవరు వెళ్ళారని అడిగితే "రవి వెంట్ టు ఒంగోల్ ఎస్టర్‌డే"లో బరువు రవి మీద, ఎప్పుడని అడిగితే ఎస్టర్‌డే మీద. రెండు జవాబులూ ఒకేలా వినబడితే సున్నా. ఇట్లాంటివి ఆరు చాలు.

కాకువుకు చదివించడం పనికిరాదు. రొట్టెల పండుగ నాడు స్వర్ణాల చెరువు దగ్గర ఏం జరుగుతుందో నిమిషం పాటు చెప్పమనండి. విరామం పదబంధం చివర పడుతోందా, మాట ముగిసినప్పుడు గొంతు దిగుతోందా, ప్రతి ముక్క చివరా పైకే లేస్తోందా చూడండి. "యూ ఆర్ కమింగా?" అంటే మన ప్రశ్నార్థక 'ఆ' దీర్ఘం తోకలా వచ్చిందన్నమాట. అది రాసుకోండి గానీ, అర్థం చెడలేదు గనక ఎక్కువ కోయొద్దు. యాస వేరు, తప్పు వేరు.

అనుమానం వస్తే ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గొంతు ఎత్తు చూపే పిచ్ గీత చూడండి. మగ గొంతుకు 75–300, ఆడ గొంతుకు 100–500 హెర్ట్జ్ పరిధి పెట్టండి. పరిధి తప్పితే గీత ఉన్నట్టుండి రెట్టింపు ఎత్తుకో సగానికో దూకుతుంది, దాన్ని కాకువు అనుకోవద్దు. ప, ట, స దగ్గర గీత తెగడమూ విరామం కాదు.

వాక్యాలు ముందే తెలిసిన పరీక్షకుడికి అన్నీ అర్థమైనట్టే ఉంటుంది. కాగితం చూడనివాళ్ళు ఒకరు విని, వినబడింది రాయాలి. మార్కులు వేసేవాళ్ళు ఇద్దరుండాలి, విడివిడిగా వినాలి. ఏ గడిలోనైనా తేడా ఒకటి దాటితే సగటు కట్టి వదిలేయొద్దు. ఆ ముక్కే మళ్ళీ కలిసి విని, ఏ సిలబుల్ దగ్గర విడిపోయారో గుర్తుపెట్టండి. వారం తర్వాత పాత రికార్డింగులు ఐదింటికి, పాత మార్కులు చూడకుండా, మళ్ళీ వేయండి.