నాటాల్ పూర్వీకుల ఇంటిపేరు వెతికే ముందు

1860 నవంబరు 16న మద్రాసు నుంచి తొలి కూలీ ఓడ ‘ట్రూరో’ దక్షిణాఫ్రికాలోని నాటాల్ ప్రాంతపు రేవు డర్బన్ చేరింది. ఏటా ఆ తేదీ దగ్గరపడే రోజుల్లో దక్షిణాఫ్రికా తెలుగు కుటుంబాలవారు చాలామంది అలా ఓడల్లో వచ్చిన కూలీల పాత జాబితాలు తెరుస్తారు. తెరిచే ముందు ఇవి చూసుకోండి.

నేటి ఇంటిపేరుతో వెతకడం మొదలుపెట్టకండి. ఓడ జాబితాల్లో చాలామందికి ఇంటిపేరు రాయలేదు. వలస సంఖ్య (ఒక్కో కూలీకి ఇచ్చిన నంబరు), పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు రాశారు. తాత పేరో తండ్రి పేరో తర్వాతి తరాలకు ఇంటిపేరుగా స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి, ముందు పాత జనన, వివాహ, మరణ పత్రాల్లో ఆ వలస సంఖ్యను పట్టుకోండి.

‘నాయుడు’ కలిసినంత మాత్రాన చుట్టరికం కలపకండి, అది బిరుదు.

పేరును చెవితో చదవండి. గుమాస్తా తనకు వినిపించినట్లు రాసుకున్నందువల్ల మన అప్పలస్వామి అక్కడ ‘అపల్సామీ’ అయి ఉండవచ్చు. పైకి చదివితే తెలుగు పేరు దానంతటదే బయటపడుతుంది, ఆ క్షణం ఎంతో ఆనందంగా ఉంటుంది.

జిల్లాను నాటి సరిహద్దులతో చూడండి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది గనుక, అంతకుముందు అక్కడి ఊళ్లు చాలావరకు ఉత్తర ఆర్కాటు కింద కనిపిస్తాయి.

సొంత ఖర్చుతో వెళ్లినవారిని కూలీల జాబితాల్లో వెతకకండి, వారి పేర్లు అందులో ఉండవు.