బిడ్డకు పాలు పడటం లేదనిపిస్తే: ఎదుగుదల లోపాలున్న పిల్లల పథ్యం

మన ఇళ్లలో "పాలు పడవు" అనే మాటను చాలా సంగతులకు వాడతాం. తాగగానే వాంతి చేసుకున్నా, కడుపు ఉబ్బినా, ఒంటిమీద దద్దుర్లు లేచినా, చివరికి గ్లాసు చూడగానే మొహం తిప్పుకున్నా అదే మాట. మాటలు వచ్చిన పిల్లవాడైతే నొప్పి ఎక్కడో, ఎప్పుడు మొదలైందో తానే చెబుతాడు. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం ఉన్న పిల్లల్లో చాలామంది అలా చెప్పలేరు కాబట్టి, వారి తరఫున ఆ మాటను మనమే విడదీసి చూడాలి. పడనిది పాలలోని చక్కెరా, మాంసకృత్తా, తాగే మోతాదా, లేక పాలతో సంబంధమే లేని మరొకటా అన్నది తేలకుండా పాలు మాన్పించకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను, ఎందుకంటే ఈ నాలుగింటికీ చేయవలసిన పని వేరువేరు.

మా అబ్బాయికి ఆటిజం ఉంది. ఆరేళ్ల వయసులో, సాయంత్రం పాలు తాగిన గంటకల్లా సోఫా చేతిమీద బోర్లా వాలి, పొట్టను ఆ చెక్కకు అదిమిపెట్టి, నేలను కాళ్లతో తన్నేవాడు. అది ఆటిజంలో భాగమేనని మేమూ అనుకున్నాం, వాడు వెళ్లే థెరపీ కేంద్రంలోనూ అలాగే రాసుకున్నారు. పెరుగన్నం తిన్న పూట వాడు సోఫా దగ్గరికి వెళ్లడం లేదని మొదట గమనించినది మా అత్తగారు. ఆమె చెప్పిన ఆ ఒక్క సంగతిలోనే సగం జవాబు ఉందని తరువాత అర్థమైంది.

పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది, 200 మి.లీ. ఆవుపాల గ్లాసులో అది దాదాపు 9 నుంచి 10 గ్రాములు. దాన్ని విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైము చిన్నపేగులో తగినంత లేకపోతే, అరగని చక్కెర పెద్దపేగులోకి చేరి అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులిసి, గ్యాసు, మెలిపెట్టే నొప్పి, నీళ్ల విరేచనాలు కలిగిస్తుంది. పసితనంలో పుష్కలంగా ఉండే ఈ ఎంజైము చాలామందిలో వయసుతోపాటు తగ్గుతుంది, ఆ తగ్గుదల ఉత్తర భారతంలో కంటే దక్షిణ భారతంలో ఎక్కువగా కనిపిస్తుంది. గట్టి విరేచనాల జబ్బు తరువాత కొన్ని వారాలపాటు తాత్కాలికంగా తగ్గడమూ ఉంది. ఇది ఎక్కువగా మోతాదుకు సంబంధించిన ఇబ్బంది: గ్లాసెడు పడనివాడికి అరగ్లాసు పడవచ్చు, ఖాళీ కడుపున పడనిది టిఫినుతో పడవచ్చు. పెరుగు తోడుకునేటప్పుడు లాక్టోజ్ కొంత తగ్గుతుంది, అందులోని సూక్ష్మజీవులు మిగిలినదాన్ని అరిగించడానికి సాయపడతాయి; పనీరులో కొద్దిగా, నెయ్యిలో దాదాపు లేనట్టుగా ఉంటుంది. అందుకే లాక్టోజ్ పడని పిల్లవాడికి పెరుగు, మజ్జిగ, నెయ్యి మాన్పించవలసిన అవసరం సాధారణంగా రాదు.

పాల మాంసకృత్తుల అలర్జీ సంగతి వేరు. ఇది శరీర రక్షణ వ్యవస్థ చేసే పని, చాలావరకు మొదటి ఏడాదిలోనే బయటపడుతుంది. దద్దుర్లు, పెదవులు వాయడం, వాంతులు, మలంలో రక్తం, కొందరిలో ఊపిరి అందకపోవడం దీని గుర్తులు. ఇక్కడ కొద్ది మోతాదు కూడా ప్రమాదమే కావచ్చు, పెరుగు, పనీరు కూడా కుదరవు, లాక్టోజ్ లేని పాలూ పనికిరావు. ఆవుపాలకు బదులు మేకపాలో గేదెపాలో పట్టి చూడమని పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు. కానీ ఆ మాంసకృత్తులు ఒకదానికొకటి చాలా దగ్గర కాబట్టి అలర్జీ ఉన్న బిడ్డకు వాటినీ పట్టకూడదు. పాలు తాగిన కొద్దిసేపట్లోనే ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఆ బిడ్డ విషయంలో ఇంట్లో ఎలాంటి ప్రయోగమూ చేయకూడదు.

మూడోది మోతాదు. నమలడం కష్టమైన పిల్లలు, కొత్త రుచిని దగ్గరికి రానివ్వని పిల్లలు నాలుగైదేళ్ల దాకా పాల సీసా మీదే బతకడం మనకు కొత్త కాదు. ఏదో ఒకటి కడుపులోకి పోతోంది కదా అని తల్లి ఊరట పడుతుంది, నేనూ పడ్డాను. పాలలో ఇనుము చాలా తక్కువ, రోజుకు అరలీటరు మించి తాగే బిడ్డకు అన్నం తినే ఆకలి ఉండదు, దాంతో రక్తహీనత వస్తుంది. మట్టి, సున్నం, కాగితం తినే అలవాటు, నిద్రలేమి, చిరాకు దానితో ముడిపడి ఉండవచ్చు. ఇలాంటి బిడ్డకు పాలు పూర్తిగా ఆపనక్కరలేదు, రోజుకు 300 నుంచి 400 మి.లీ.కి నెమ్మదిగా దించి, రక్తంలో హిమోగ్లోబిను, ఫెరిటిను (ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే పరీక్ష) చూపించాలి.

ముందుగా డాక్టరుతో తేల్చుకోవలసినవి

పాలను అనుమానించే ముందు మలబద్ధకాన్ని అనుమానించండి. గట్టిపడిన మలం లోపల పేరుకుపోయినప్పుడు దాని పక్కనుంచి పలుచటి మలం జారి బట్టలకు అంటుతుంది, దాన్ని చూసి విరేచనాలనుకుని పాలు ఆపేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో తిన్నది పైకి తన్నడం, మింగేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోవడం ఎక్కువ. పాలు తాగుతూ దగ్గినా, తాగాక గొంతు గురగురలాడినా అది అరుగుదల సమస్య కాదు, మింగుడు సమస్య, దాన్ని స్పీచ్ థెరపిస్టు చూడాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో థైరాయిడ్ లోపం, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు మిగతా పిల్లల్లో కంటే ఎక్కువగా కనిపిస్తాయి. సీలియాక్ వల్ల పేగు దెబ్బతిని లాక్టోజ్ కూడా పడకుండా పోతుంది. ఆ రక్తపరీక్ష గోధుమ తింటున్నప్పుడే చేయించాలి, ముందే మాన్పిస్తే జబ్బు ఉన్నా పరీక్షలో కనపడకపోవచ్చు.

పథ్యమే చికిత్స అయిన జబ్బులు కొన్ని ఉన్నాయని కూడా తెలిసి ఉండాలి. గాలక్టోసీమియా (పాల చక్కెర నుంచి వచ్చే గాలక్టోజ్‌ను శరీరం వాడుకోలేని పుట్టుజబ్బు) ఉన్న శిశువుకు తల్లిపాలతో సహా పాలన్నీ ఆపితేనే ప్రాణం నిలుస్తుంది. ఫినైల్‌కీటోన్యూరియాలో (మాంసకృత్తుల్లోని ఒక భాగాన్ని శరీరం విడగొట్టలేని పుట్టుజబ్బు) మొదటి వారాల నుంచే ప్రత్యేక ఆహారం ఇస్తే మేధోవైకల్యాన్ని చాలావరకు నివారించవచ్చు. మందులకు లొంగని మూర్ఛకు ఆసుపత్రి పర్యవేక్షణలో ఇచ్చే, కొవ్వు ఎక్కువగా పిండిపదార్థాలు చాలా తక్కువగా ఉండే కీటోజెనిక్ ఆహారంలోనైతే నెయ్యి, మీగడ, పనీరు పెద్ద భాగమే అవుతాయి. ఇవి ఇంట్లో మొదలుపెట్టే పథ్యాలు కావు.

ఆటిజం ఉన్న ప్రతి ఇంటికీ చేరే మరో సలహా పాలు, గోధుమ రెండూ మాన్పించమన్నది. దానికి వెనుక ఒక ఊహ ఉంది. ఆటిజానికీ మెదడులోని ఓపియాయిడ్ వ్యవస్థకూ (నల్లమందు వంటి పదార్థాలకు స్పందించే వ్యవస్థకూ) సంబంధం ఉండవచ్చని 1979లో పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించగా, పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు, గోధుమలోని గ్లూటెన్ సరిగా విడిపోక అలాంటి పదార్థాలుగా మారి మెదడును చేరుతున్నాయన్న వాదన తరువాత దానికి తోడైంది. పరీక్షకు పెట్టినప్పుడు అది నిలబడలేదు. 2016లో అమెరికాలో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో, ఈ పథ్యంలో ఉన్న 14 మంది పిల్లలకు ఎవరికీ తెలియకుండా గ్లూటెన్, కేసీన్ తిరిగి ఇచ్చి చూస్తే ప్రవర్తనలోనూ నిద్రలోనూ తేడా కనిపించలేదు. ఆటిజం మూల లక్షణాల కోసం ఇలాంటి పథ్యాలు వాడవద్దని బ్రిటన్‌లోని వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2013లోనే చెప్పింది. మరోవైపు, 2008లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలన 4 నుంచి 8 ఏళ్ల ఆటిజం ఉన్న మగపిల్లల ఎముకల పైపొర పలుచగా ఉన్నట్టు, పాల పదార్థాలు మానిన పిల్లల్లో ఆ లోటు ఇంకా ఎక్కువగా ఉన్నట్టు చూపింది. పాలు ఆపాక నెమ్మదించిన పిల్లలు నిజంగానే ఉన్నారు, మా వాడూ అందులో ఒకడు. కడుపునొప్పి పోయిన బిడ్డ ప్రశాంతంగా ఉంటాడు, దాని అర్థం ఆటిజం తగ్గిందని కాదు.

ఇంట్లో పరీక్షించే పద్ధతి

అలర్జీ లేదని డాక్టరు చెప్పిన తరువాతే ఇది. లాక్టోజ్‌కు శ్వాస పరీక్ష ఉంది గానీ, చాలాసేపు కూర్చోబెట్టి పదేపదే గొట్టంలోకి ఊదించడం మన పిల్లల్లో చాలామందితో సాధ్యపడదు. కాబట్టి ఒక నోటుపుస్తకం తీసుకుని, మొదటి వారం ఏమీ మార్చకుండా రాయండి: ఎన్ని గంటలకు ఏం తిన్నాడు, పాలు ఎన్ని మి.లీ., మలం ఎప్పుడు, ఎలా ఉంది, రాత్రి ఎన్నిసార్లు లేచాడు, పొట్ట పట్టుకున్నాడా, తల బాదుకున్నాడా, వీపు విల్లులా వంచాడా. "బాగా అల్లరి చేశాడు" అని రాస్తే తరువాత ఏమీ తేలదు. "5:40కి పాలు 200, 6:30కి సోఫా చేయి, 10 నిమిషాలు" అని రాస్తే తేలుతుంది.

తరువాతి రెండు వారాలు లాక్టోజ్ లేని పాల ప్యాకెట్టు అదే గ్లాసులో, అదే వేళకు, అంతే మోతాదులో ఇవ్వండి. అందులో లాక్టోజ్ ముందే విడగొట్టి ఉంటుంది కాబట్టి మామూలు పాలకంటే కొంచెం తియ్యగా ఉంటుంది, ఆ కాస్త తేడాను మన పిల్లలు ఇట్టే పట్టేస్తారు. మా వాడు మొదటి రోజు గ్లాసు వాసన చూసి, చూపుడువేలితో అంచుదాకా నెట్టి, టేబులు మీదనుంచి పడేశాడు. మామూలు పాలలో నాలుగో వంతు ఇవి కలిపి మొదలుపెట్టి, వారం రోజుల్లో పూర్తిగా మార్చాక, రెండు వారాల లెక్క అప్పుడు ప్రారంభించాం. పాలు మారిన సంగతి స్కూల్లో టీచరుకు చెప్పకుండా, రోజూ ఎలా ఉన్నాడో మాత్రం రాయమని అడిగితే, మన ఆశ ఆ రాతలోకి చొరబడదు. ఈ రోజుల్లో కొత్త మందు, కొత్త థెరపీ, ఊరి ప్రయాణం పెట్టుకోకండి. దొంగదారిన వచ్చే పాలనూ చూసుకోండి: అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో పాలపొడి ఉంటుంది, పాలలో కలిపే మాల్టు పొడుల్లో, కొన్ని బిస్కెట్లలో, బ్రెడ్డులో, చాక్లెట్టులో కూడా ఉండవచ్చు. తాతగారు ప్రేమగా చేతిలో పెట్టే పాలకోవా సరేసరి.

రెండు వారాలకూ తేడా లేకపోతే పాలు నిందితుడు కాదు, మామూలు పాలు తిరిగి ఇచ్చేయండి. తేడా ఉంటే మాత్రం మళ్లీ మామూలు పాలు 50 మి.లీ. టిఫినుతో కలిపి ఇచ్చి, రెండు మూడు రోజులకొకసారి పెంచుతూ ఎక్కడ ఇబ్బంది మొదలవుతుందో చూడాలి. చాలామంది తల్లిదండ్రులు, బిడ్డ ఇప్పుడే కుదుటపడ్డాడన్న భయంతో, ఈ తిరిగి ఇచ్చే మెట్టు వదిలేస్తారు. ఆ భయం నాకు తెలుసు. కానీ ఇది చేయకపోతే అసలు ఎంత పాలు పడతాయో ఎప్పటికీ తెలియదు, అక్కరలేని పథ్యం ఏళ్ల తరబడి సాగుతుంది.

పాలతోపాటు పోయేవి తిరిగి పెట్టడం

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 4 నుంచి 6 ఏళ్ల బిడ్డకు రోజుకు 550 మి.గ్రా., 7 నుంచి 9 ఏళ్ల బిడ్డకు 650 మి.గ్రా. కాల్షియం కావాలి. రెండు గ్లాసుల ఆవుపాలు దాదాపు 470 మి.గ్రా. ఇస్తాయి. పెరుగు పడితే సమస్య చాలావరకు తీరినట్టే. అది కూడా కుదరని బిడ్డకు 30 గ్రాముల రాగిపిండి సుమారు 110, పెద్ద చెంచాడు (సుమారు 10 గ్రాముల) నువ్వులు 120 మి.గ్రా.కు పైగా ఇస్తాయి. మునగాకులో 100 గ్రాములకు 300 మి.గ్రా. దాటి ఉంటుంది, తోటకూరదీ అదే స్థాయి. రాగుల్లోని ఫైటేటు కాల్షియాన్ని కొంత పట్టి ఉంచుతుంది కాబట్టి నానబెట్టి మొలకెత్తించి పిండి పట్టించడం మేలు. పాలకూరలో ఆక్సలేటు ఎక్కువ, దాని కాల్షియం బిడ్డకు అందేది తక్కువ. కొబ్బరిపాలు, బాదంపాలు రంగుకు పాలే గానీ మాంసకృత్తులు చాలా తక్కువ. కాల్షియం కలిపిన సోయాపాలు మేలు, సోయా అలర్జీ లేకపోతే.

మాంసాహారం తినని కుటుంబాలు ఒక సంగతి మరవకూడదు: వారి ఇంట్లో విటమిన్ బి12 ప్రధానంగా వచ్చేది పాలు, పెరుగు నుంచే. రెండూ ఆపితే బి12 మందుగా ఇవ్వవలసిందే, ఎందుకంటే ఆ లోపం నరాలనే దెబ్బతీస్తుంది. ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్ వంటి మూర్ఛ మందులు వాడే పిల్లలకు, నడవలేని పిల్లలకు విటమిన్ డి కూడా చూపించాలి. ఎంత మోతాదు అన్నది డాక్టరే నిర్ణయించాలి.

ఇవన్నీ వండటం తేలిక, తినిపించడమే కష్టం. తెల్లటివే తినే బిడ్డ ముందు రాగి సంకటి పెడితే పళ్లెం ఎగురుతుంది. ఇడ్లీ పిండిలో ఒక చెంచా రాగిపిండితో మొదలుపెట్టి, నాలుగైదు రోజులకొక చెంచా పెంచితే రంగు నెమ్మదిగా మారుతుంది. మాకు పూర్తి రాగి ఇడ్లీకి నాలుగు నెలలు పట్టింది. నువ్వుల పొడి నెయ్యన్నంలో కలిసిపోతుంది. నమలలేని పిల్లలకు చిమ్మిలి ఉండలు, పల్లీలు పెట్టవద్దు, గొంతుకు అడ్డుపడతాయి. జావ ఎంత చిక్కగా ఉండాలో థెరపిస్టును అడిగి, నిటారుగా కూర్చోబెట్టి మాత్రమే తాగించాలి.

నెలకొకసారి బరువు, మూడు నెలలకొకసారి ఎత్తు చూసి అదే పుస్తకంలో రాయండి. బరువు తగ్గినా, రెండు మూడు నెలలు కదలకపోయినా పథ్యం ఆపి డాక్టరును కలవాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో నడిచే సత్వర చికిత్సా కేంద్రాల్లో పిల్లల ఎదుగుదల పరీక్షలు ఉచితం. మేధోవైకల్యం ఉన్న పిల్లల కోసం సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ 1984 నుంచి పనిచేస్తోంది. వెళ్లేటప్పుడు నోటుపుస్తకం తీసుకువెళ్లండి.

అలర్జీ ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి బడి వయసుకల్లా అది పోతుంది, కాబట్టి ఏడాదికొకసారి డాక్టరు సమక్షంలో తిరిగి చూపించాలి. లాక్టోజ్ పడని బిడ్డనైతే ఇంట్లోనే చూడవచ్చు. మేము ప్రతి వేసవి సెలవుల్లో మొదటి వారం చూస్తాం. ఈ ఏడాది ఉప్మాతోపాటు 120 మి.లీ. దాకా వచ్చాం, 150 ఇచ్చిన రోజు వాడు మళ్లీ సోఫా చేతి దగ్గరికి వెళ్లాడు, పుస్తకంలో 120 అని రాసి అక్కడే ఆపాం.