డెల్టా తేమలో పెళ్ళి ఫోటోలు మసకబారకుండా

అమలాపురం, రాజోలు వైపు వేసవి పెళ్ళిళ్ళు తీసే ఫోటోగ్రాఫర్లు కెమెరా సంచిని ఏసీ గదిలో నుంచి నేరుగా పందిరిలోకి తెచ్చి తెరిస్తే, చల్లబడి ఉన్న లెన్సు మీద గాలిలోని తేమ పట్టి చిత్రాలు మసకబారతాయి. అందువల్ల సుముహూర్తానికి కనీసం 30 నిమిషాల ముందే సంచిని పందిరిలో ఉంచి, లోపలి పరికరాలు బయటి వేడికి అలవాటుపడ్డాకే జిప్పు తీయండి. గుడ్డతో తుడిచినా తేమ మళ్ళీ పడుతుంది. ఆ సమయంలో లెన్సు మార్చితే ఆ తేమ కెమెరా లోపల చిత్రాన్ని నమోదు చేసే సెన్సారుకూ చేరుతుంది. జీలకర్ర-బెల్లం మరోసారి పెట్టించమని పురోహితుణ్ణి అడగడం సబబు కాదు కనుక, ఈ అరగంటను వదులుకోకూడదని నా గట్టి అభిప్రాయం. ఇంటికి వచ్చాక లెన్సులను తోలు సంచిలో కాక, తేమను పీల్చే సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో, తేమ 40–50 శాతం ఉండేలా భద్రపరిస్తే వాటికి బూజు పట్టే అవకాశం బాగా తగ్గుతుంది.