పుంజా, పెట్టా? తేల్చుకోలేకపోతున్నారా

ఒకసారి మా కోడిపిల్లల గుంపులో జుట్టు (నెత్తిమీది కండ) అన్నిటికంటే పెద్దగా ఉన్న ఒకదాన్ని ఏడు వారాలకే పుంజు అనుకుని తెలిసినవాళ్లకు ఇచ్చేశాను. మూడు నెలలు తిరక్కుండానే అది వాళ్ల ఇంట్లో గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. మంచి పెట్టను చేజార్చుకున్నానని ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీకు అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

సమస్య: ఆరేడు వారాలకే జుట్టు ఎర్రబడింది

పుంజుపిల్లల్లో మగ హార్మోన్ ప్రభావం వల్ల నెత్తిమీది జుట్టు, గడ్డం కింద వేలాడే కండ ముందుగానే పెరిగి ఎర్రబడతాయి. పెట్టలకు ఆ ఎరుపు సాధారణంగా గుడ్డు పెట్టే వయసు దగ్గరపడ్డాకే వస్తుంది. చిక్కంతా జాతితోనే. లెగ్‌హార్న్ లాంటి వాటిలో పెట్టలకూ జుట్టు పెద్దదే.

అందుకని ఒకే జాతివి, ఒకేసారి పొదిగినవి పక్కపక్కన పెట్టి పోల్చండి. జుట్టుతో పాటు కాళ్లు కూడా లావుగా ఉంటే అనుమానం బలపడినట్టే. కాళ్లకు రంగు రింగులు వేసి వారానికోసారి ఫొటో తీస్తే తేడా బాగా తెలుస్తుంది. పిల్లలు పెరిగేకొద్దీ రింగు బిగుసుకోకుండా మార్చడం మరిచిపోవద్దు.

సమస్య: మూడు నెలలు నిండినా అనుమానం తీరలేదు

ఇప్పుడు ఈకలు చూడాలి. నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మే గుర్తు ఇదే. రాత్రి కోళ్లు గూట్లో సర్దుకున్నాక మెల్లగా ఒకదాన్ని పట్టుకోండి, ఆ వేళ అవి పెద్దగా బెదరవు. టార్చి వెలుగులో తోకకు ముందు, నడుము మీద ఉన్న ఈకలను వేళ్లతో విడదీసి చూడండి. కొన గుండ్రంగా ఉంటే పెట్ట. సన్నగా, పొడవుగా, కొనదేలి మెరుస్తుంటే పుంజు. మెడ ఈకల్లోనూ ఈ తేడా ఉంటుంది కానీ, నడుము దగ్గర మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ తేడాకు కారణం ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్. అది ఉంటేనే ఈక గుండ్రంగా వస్తుంది. అండాశయం దెబ్బతిన్న పెట్టకు కూడా పుంజు ఈకలు రావడం అందుకే.

ఈ పరీక్షకు లొంగని జాతులూ ఉన్నాయి. సీబ్రైట్ పుంజుకు పెట్ట ఈకలే ఉంటాయి. సిల్కీకి ఒళ్లంతా దూదిలాంటి బొచ్చే కాబట్టి ఈక కొన చూసి చెప్పలేం. వీటి విషయంలో కూతో గుడ్డో వచ్చేదాకా ఆగడమే మేలు.

సమస్య: ఒక పిల్ల రొమ్ము విరుచుకుని అందరి మీదకూ వెళ్తోంది

గుంపులో ఎవరు పైన, ఎవరు కింద అన్నది తేల్చుకునే పోట్లాట అది. పెట్టపిల్లలూ పోట్లాడతాయి. దీన్ని లెక్కలోకి తీసుకోకండి. కాలి వెనక ముల్లు మొలకా అంతే, ఆ వయసులో రెండింటికీ ఉండొచ్చు.

సమస్య: అన్ని గుర్తులూ పుంజువే, కూత మాత్రం లేదు

పెద్ద పుంజు ఒకటి గుంపులో ఉంటే చిన్నది నోరు మెదపకుండా ఉండిపోవచ్చు. కూత లేదని పెట్ట అనుకోవద్దు, నడుము ఈకలు చెప్పిందే నమ్మండి. కొత్త గొంతుతో బొంగురుగా కూసే పిల్ల దాదాపు ఎప్పుడూ పుంజే. గుడ్లు పెట్టిన పాత పెట్ట ఉన్నట్టుండి కూయడం మొదలుపెడితే మాత్రం అండాశయానికి జబ్బు చేసిందేమో పశువైద్యులకు చూపించండి.

సమస్య: పొదిగిన రోజే తెలుసుకోవాలని ఉంది

కోసుగా ఉన్న గుడ్డులో పుంజు ఉంటుందన్న మాటలో నిజం లేదు. రంగును బట్టి, రెక్క ఈకల పొడవును బట్టి చెప్పడం అందుకోసం ప్రత్యేకంగా కలిపిన జాతుల్లోనే కుదురుతుంది. పిల్ల వెనక భాగాన్ని నొక్కి చూసే పద్ధతి శిక్షణ ఉన్నవాళ్లకే వదిలేయండి, తెలియక నొక్కితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి.

సమస్య: ఐదో నెలలో పెట్ట అనుకున్నదానికి జుట్టు ఎర్రబడింది

టెన్షన్ పడకండి. వీపు మీద చెయ్యి వేయండి. రెక్కలు కాస్త విప్పి కిందికి వంగి కూర్చుందంటే గుడ్డుకు సిద్ధమవుతోందన్నమాట. గంపలో గడ్డి పరిచి ఉంచండి.