మేస్త్రీని పిలిచే ముందు గోడల మీద చేతి మరకలు చూడండి

ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారు, లేదా త్వరలో మనతో ఉండటానికి వస్తున్నారు, ఇల్లు కాస్త మార్పించాలి అనుకోగానే అందరూ ముందు చేసే పని మేస్త్రీకి ఫోన్ చేయడం. నేనూ అదే చేశాను. అంతకంటే ముందు పెయింటర్‌ని పిలిచి గోడలన్నీ తళతళలాడేలా రంగు వేయించేశాను, అది ఎంత తెలివితక్కువ పనో తర్వాత తెలిసింది. అప్పటిదాకా అమ్మ పడకగది తలుపు పక్కన, బాత్‌రూమ్ చౌకట్టు మీద, హాల్లో మలుపు తిరిగే మూల దగ్గర, నడుం ఎత్తులో అరచెయ్యంత నల్లటి మరకలు ఉండేవి. ఎన్నిసార్లు తుడిచినా వారానికి మళ్లీ వచ్చేవి. అవన్నీ అమ్మ నడిచేటప్పుడు చెయ్యి ఆనించుకునే చోట్లు. రెయిలింగ్ ఎక్కడెక్కడ కావాలో అమ్మ చెయ్యే గోడ మీద గుర్తు పెట్టి చూపిస్తుంటే, నేను దాని మీద రంగు కొట్టించాను.

అందుకని మొదటి పని కొలతలు తీయడం కాదు, చూడటం. ఒక రోజంతా, వీలైతే ఒక రాత్రి కూడా, వాళ్లు ఇంట్లో ఎలా తిరుగుతున్నారో ఊరికే గమనించండి. కుర్చీలోంచి లేచేటప్పుడు దేన్ని పట్టుకుంటున్నారు, ఏ చెయ్యి ముందు వెళ్తోంది, మెట్టు దిగేటప్పుడు పక్కకి తిరిగి దిగుతున్నారా, రాత్రి లేస్తే లైటు వేసుకుంటున్నారా లేక మీ నిద్ర పాడవుతుందని చీకట్లోనే వెళ్లిపోతున్నారా. అడిగితే మాత్రం "నాకేం ఇబ్బంది లేదు" అనే అంటారు, ఆ మాట అస్సలు నమ్మకండి. ఇదంతా ఒక కాగితం మీద రాసుకున్నాక అప్పుడు టేపు తీయండి.

చేతిలో ఉన్న డబ్బు ఒక్క గదికే సరిపోతుందంటే

అది బాత్‌రూమే, ఇంకో ఆలోచన వద్దు. తడి నేల, గట్టి గోడలు, వంగడం, లేవడం, పైగా లోపల ఒంటరిగా ఉండటం, అన్నీ ఒకేచోట కలిసే గది అదొక్కటే.

ముందు తలుపు సంగతి. మామూలుగా బాత్‌రూమ్ తలుపు లోపలికి తెరుచుకుంటుంది. లోపల మనిషి పడిపోతే ఆ మనిషే తలుపుకి అడ్డం అవుతారు, బయటినుంచి ఎంత తోసినా రాదు. కాబట్టి బయటికి తెరుచుకునేలా తిప్పించండి, లేదా పక్కకి జరిగే తలుపు పెట్టించండి. లోపలి గడియ తీసేసి, బయటినుంచి నాణెంతో తిప్పి తెరవగలిగే లాక్ వేయించండి. వెడల్పు కూడా చూసుకోవాలి, వీల్‌చైర్ గాని వాకర్ గాని ఇబ్బంది లేకుండా పోవాలంటే కనీసం 32 అంగుళాల ఖాళీ ఉండాలి. ఈ 32 అంగుళాలు చౌకట్టు లోపలి కొలత కాదు, తలుపు పూర్తిగా తెరిచాక మిగిలే ఖాళీ. తలుపు మందం అందులో అంగుళంన్నర దాకా తినేస్తుంది. చౌకట్టు పీకించే పరిస్థితి లేకపోతే, తెరిచినప్పుడు తలుపు పూర్తిగా దారిలోంచి తప్పుకునేలా చేసే ఆఫ్‌సెట్ కీళ్లు దొరుకుతాయి. అవి బిగిస్తే ఆ పోయిన అంగుళంన్నర తిరిగొస్తుంది.

గ్రాబ్ బార్, అంటే లేచేటప్పుడు పట్టుకోవడానికి గోడకి బిగించే కడ్డీ, దాని విషయంలో నేను చేసిన ఇంకో తప్పు చెప్తాను. కమోడ్‌కి ఎడమ వైపు గోడ ఉంది కాబట్టి మేస్త్రీ ఎడమ వైపే బిగించాడు, చూడటానికి చక్కగా ఉంది, నేనూ బాగుందన్నాను. అమ్మకి బలమంతా కుడి చేతిలో ఉంది. నెల తర్వాత చూస్తే బార్ కొత్తదానిలా మెరుస్తోంది, కుడి వైపు ఉన్న కుళాయి గొట్టం మాత్రం వదులైపోయింది. చివరికి కుడి వైపు, అవసరం లేనప్పుడు పైకి మడిచేసుకునే రకం బార్ పెట్టించాం. పుస్తకాల్లో ఎత్తు 33 నుంచి 36 అంగుళాలు అని ఉంటుంది, అది మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకె, అంతే. మనిషిని కమోడ్ మీద కూర్చోబెట్టి, లేవబోతున్నట్టు చెయ్యి చాపమని, ఆ చెయ్యి ఎక్కడికి వెళ్లిందో అక్కడ సుద్దముక్కతో గీయండి. బార్‌కీ గోడకీ మధ్య ఖాళీ అంగుళంన్నర ఉంటే చాలు, ఎక్కువైతే జారినప్పుడు ముంజేయి అందులో ఇరుక్కుంటుంది.

బార్ కంటే దాని వెనక ఉన్న గోడ ముఖ్యం. గ్రాబ్ బార్ అంటే కనీసం 113 కిలోల బరువు ఆపాలి. టవల్ రాడ్ అంత బరువు ఆపదు, కాబట్టి "ప్రస్తుతానికి అదే పట్టుకుంటారులే" అనుకోవద్దు. గట్టి ఇటుక గోడైతే బార్‌ని పట్టి ఉంచే యాంకర్ బోల్టు టైలు, ప్లాస్టరింగ్ దాటి ఇటుకలోకి దిగాలి. బోలు ఇటుకల గోడో, బోర్డు గోడో అయితే టైల్స్ వేయకముందే లోపల మందపాటి ప్లైవుడ్ గాని స్టీలు ప్లేటు గాని పెట్టించాలి. ఎలాగూ గోడ పగలగొడుతున్నారు కదా, ఇప్పుడు బార్ అవసరం లేని చోట కూడా, షవర్ పక్కన, వాష్ బేసిన్ పక్కన, ఈ బలం పెట్టించేయండి. టైల్స్ వేసేముందు టేపు గోడకి ఆనించి ఒక ఫొటో తీసి పెట్టుకోండి, అయిదేళ్ల తర్వాత డ్రిల్ ఎక్కడ పెట్టాలో ఆ ఫొటోయే చెప్తుంది.

కమోడ్ సీటు నేలనుంచి 17 నుంచి 19 అంగుళాల ఎత్తులో ఉంటే మోకాళ్ల మీద భారం తగ్గుతుంది. పాతది తీసేయడం ఇష్టం లేకపోతే పైన బిగించే ఎత్తు సీటు ఉంది. అదే బాత్‌రూమ్ చిన్నపిల్లలు కూడా వాడితే వాళ్లకో పీట కావాలి, ఆ పీట వాడాక గోడవారగా వెళ్లిపోవాలి, లేకపోతే పెద్దవాళ్ల కాలికి తగిలేది అదే.

స్నానం చేసే చోట గట్టు తీసేయండి. గట్టు లేకపోతే నీళ్లు గదంతా పాకుతాయని మేస్త్రీలు వాదిస్తారు, నిజానికి వాలు సరిగా రాకపోతేనే పాకుతాయి. అడుగుకి పావు అంగుళం చొప్పున వాలు, గోడవారగా పొడుగు జాలీ పెడితే చాలు. టైల్స్ మెరిసేవి వద్దు, గరుకుగా ఉండే మ్యాట్ రకం తీసుకోండి, అందులోనూ చిన్న సైజువి మేలు, మధ్యలో సందులు ఎక్కువ ఉంటాయి కాబట్టి కాలికి పట్టు దొరుకుతుంది. షాపులో పొడిగా ఉన్న టైలు మీద చెయ్యి పెట్టి చూస్తే ఏమీ తెలియదు, ఒక ముక్క ఇంటికి తెచ్చి సబ్బు నీళ్లు పోసి చూడండి.

వేడి నీళ్ల గురించి చాలామంది ఆలోచించరు. 60 డిగ్రీల నీళ్లు చర్మాన్ని కాల్చడానికి సుమారు 5 సెకన్లు చాలు, అదే 49 డిగ్రీలైతే కొన్ని నిమిషాలు పడుతుంది. వయసు మీద పడ్డాక చెయ్యి వెనక్కి లాక్కోవడం ఆలస్యమవుతుంది, చిన్నపిల్లలకీ అంతే. అలాగని గీజర్‌లోనే వేడి బాగా తగ్గించేస్తే, నిలవ ఉన్న గోరువెచ్చటి నీళ్లలో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. కుళాయి దగ్గర థర్మోస్టాటిక్ మిక్సర్, అంటే చన్నీళ్లు కలిపి వేడి మనం పెట్టినదాన్ని దాటకుండా చూసే కుళాయి, పెట్టించడం సరైన పద్ధతి.

వెలుతురు, మెట్లు

అరవై ఏళ్ల కంటికి చేరే వెలుతురు ఇరవై ఏళ్ల కంటికి చేరేదాంట్లో సుమారు మూడో వంతే. మనకి పట్టపగల్లా ఉన్న హాలు వాళ్లకి సాయంత్రంలా ఉంటుందన్నమాట. దీనికి మందు గది మధ్యలో ఒక పెద్ద బల్బు కాదు, అది నున్నటి గచ్చు మీద పడి కళ్లలోకి కొడుతుంది. చిన్న లైట్లు ఎక్కువచోట్ల పెట్టండి. మంచం దగ్గర్నుంచి టాయిలెట్ దాకా నేలకి దగ్గరగా, మనిషి కదిలితే వెలిగే పసుపు రంగు లైట్లు పెట్టండి, ఇంట్లో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ఇదేనేమో అనిపిస్తుంది నాకు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లయితే లేత రంగు నేల మీద నల్లటి పట్టా గొయ్యిలా కనిపించవచ్చు, దాన్ని దాటడానికి భయపడి ఆగిపోతారు, కాబట్టి అలాంటివి తీసేయండి. తెల్లటి గోడ, తెల్లటి నేల, తెల్లటి కమోడ్ అయితే సీటు మాత్రం వేరే రంగు పెట్టండి.

మెట్లకి రెండు వైపులా రెయిలింగ్ ఉండాలి. పైకెక్కేటప్పుడు కుడి చెయ్యి పట్టుకునేది దిగేటప్పుడు ఎడమ వైపుకి వస్తుంది కదా, ఒక వైపే ఉంటే సగం ప్రయాణానికే పనికొస్తుంది. చివరి మెట్టు దగ్గర రెయిలింగ్ ఆపేయకుండా ఇంకో అడుగు ముందుకి పొడిగించండి, మెట్లు అయిపోయాయనుకుని కాలు వేసేది అక్కడే. ర్యాంప్ గురించి ముందే లెక్క వేసుకోండి: ఒక అంగుళం ఎత్తుకి 12 అంగుళాల పొడుగు. వాకిలి రెండు అడుగుల ఎత్తులో ఉంటే 24 అడుగుల ర్యాంప్ కావాలి, మధ్యలో మలుపు పెడితే అక్కడ అయిదడుగుల చదునైన చోటు వదలాలి. అంత స్థలం లేదని నిటారుగా కట్టిస్తే అది స్కూటర్ ఎక్కించడానికే తప్ప మనిషికి పనికిరాదు. ఇంకో మాట, వీల్‌చైర్ లేకుండా మోకాళ్ల నొప్పితో నడిచేవాళ్లలో చాలామందికి ర్యాంప్ కంటే ఎత్తు తక్కువ మెట్లు, గట్టి రెయిలింగే సుఖం. స్థలం ఉంటే రెండూ ఉంచండి. గదుల మధ్య గడపలు మాత్రం అర అంగుళం మించకుండా, అంచు వాలుగా చెక్కి ఉండాలి.

మూడు తరాలు ఒకే కప్పు కింద

బార్లు, ర్యాంపులు డబ్బు పెడితే అయిపోతాయి. అసలు చిక్కు ఎవరి నిద్ర వాళ్లకి, ఎవరి గొడవ వాళ్లకి ఉండేలా గదులు పంచడంలో ఉంది. ఒకరు తొమ్మిదింటికి పడుకుంటారు, ఒకరు అర్ధరాత్రి దాకా ఫోన్ మాట్లాడతారు, ఒకరు తెల్లవారుజామున నాలుగింటికి లేచి గిన్నెలు కదుపుతారు. పెద్దవాళ్ల గది కింది అంతస్తులో, బాత్‌రూమ్‌కి ఆనుకుని ఉండాలి, ఇది అందరికీ తెలుసు. ఆ గదిని వెనకెక్కడో మూలకి పడేయకూడదు, అలాగని హాల్లో టీవీ గోడకి ఆనించకూడదు, ఇది అంతగా పట్టించుకోరు. వచ్చేపోయేవాళ్లు కనిపించే కిటికీ, మూసుకుంటే శబ్దం ఆగే బరువైన తలుపు, రెండూ కావాలి. రెండు పడకగదుల మధ్య గోడకి బీరువాలు, బట్టల అలమరాలు పెడితే శబ్దం చాలా తగ్గుతుంది. వాళ్ల గదిలోనే చిన్న ఫ్రిజ్, కెటిల్ పెట్టుకునే గట్టు ఒకటి ఉంటే, ప్రతిదానికీ వంటింట్లోకి రావాల్సిన అవసరం, ఎవరినో అడగాల్సిన మొహమాటం తప్పుతాయి.

పిల్లలకి మంచిది పెద్దలకి చెడు అయ్యే చోట్లు కూడా ఉంటాయి. మెట్ల దగ్గర పిల్లల కోసం పెట్టే గేటు చూడండి. గోడల మధ్య బిగదీసి నిలబెట్టే రకానికి కింద నేలమీద ఒక అడ్డ కడ్డీ ఉంటుంది, పసివాణ్ని ఆపుతుంది గాని తాతయ్య కాలికి తగిలి పడేస్తుంది. గోడకి స్క్రూలతో బిగించి, కింద కడ్డీ లేకుండా తలుపులా తెరుచుకునేది కొనండి. మందుల పెట్టె పెద్దవాళ్లకి అందాలి, పిల్లలకి అందకూడదు, అంటే భుజం ఎత్తులో తాళం ఉన్న చిన్న అలమరా. బొమ్మలకి హాల్లోనే కింద పెద్ద పెట్టె పెట్టండి, లేదంటే చక్రాల కారు మీద ఎవరో ఒకరు కాలు వేస్తారు. వంటింట్లో గట్టంతా ఒకే ఎత్తు అక్కర్లేదు, ఒక మూల 30 అంగుళాల ఎత్తులో, కింద మోకాళ్లకి ఖాళీ వదిలి కట్టిస్తే అమ్మ కూర్చుని కూరగాయలు తరుగుతుంది, సాయంత్రం అదే చోట పిల్లలు హోంవర్క్ చేసుకుంటారు.

"ఇల్లు ఆసుపత్రిలా చేసేస్తున్నారు" అని పెద్దవాళ్లు అడ్డుపడతారు, అందులో న్యాయం కూడా ఉంది. "మీ కోసమే" అని మొదలుపెట్టకండి, "గుండ్రటి నాబ్ తీసేసి పొడుగు హ్యాండిల్ పెడదాం, పిల్లాణ్ని ఎత్తుకుని మోచేత్తో తెరవచ్చు" అనండి, అది అబద్ధం కూడా కాదు. యూనివర్సల్ డిజైన్ అనే మాటని ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ ఆర్కిటెక్ట్ రాన్ మేస్ పోలియో వల్ల చిన్నప్పట్నుంచీ వీల్‌చైర్ వాడినవాడు, ఆయన చెప్పిందీ ఇదే: వీలైనంతవరకు ప్రతిదీ అందరికీ పనికొచ్చేలా ఉండాలి, కొందరి కోసం విడిగా చేసినట్టు కాదు. బార్ రంగు, టైల్ రంగు వాళ్లనే ఎంచుకోనివ్వండి, సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

పని వరస

ఉన్నది ఒకటే బాత్‌రూమ్ అయితే, ప్రత్యామ్నాయం సిద్ధం కాకుండా దాన్ని ముట్టుకోవద్దు. మేస్త్రీ "నాలుగు రోజులే" అంటే మీరు రెండు వారాలు అనుకోండి. గోడలో దాగిపోయే పనులన్నీ ముందు: పైపులు, వైరింగ్, బార్ల వెనక బలం, మెట్ల మొదట్లో భవిష్యత్తులో చైర్ లిఫ్ట్ (మనిషిని కూర్చోబెట్టి మెట్లు ఎక్కించే కుర్చీ) కోసం ఒక పవర్ పాయింట్. సాకెట్లు నేలకి ఒకటిన్నర అడుగుల పైన ఉంటే వంగే పని తగ్గుతుంది. మంచం పక్కన, బాత్‌రూమ్‌లో నేలమీద పడిపోయినా అందే ఎత్తులో, ఒక్కో కాలింగ్ బెల్ స్విచ్ పెట్టించండి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడగండి, లేకపోతే అన్నిటికంటే ముందు అది.

అంతా అయ్యాక మేస్త్రీకి మిగతా డబ్బు ఇచ్చేముందు రెండు పరీక్షలు చేయండి. బాత్‌రూమ్‌లో ఒక బకెట్ నీళ్లు కుమ్మరించి పదినిమిషాల తర్వాత వచ్చి ఎక్కడ నిలిచాయో చూడండి. తర్వాత రాత్రి ఇంట్లో లైట్లన్నీ ఆర్పేసి, మీ కళ్లజోడు తీసేసి, మంచం మీంచి లేచి టాయిలెట్ దాకా మెల్లగా నడవండి. ఎక్కడ మీ చెయ్యి గోడ వెతుక్కుందో అక్కడ ఇంకా ఏదో మిగిలింది, పొద్దున్నే మేస్త్రీకి ఆ చోటు చూపించండి.